కాలిన మోటార్ల బల్ల

పిన్ని గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే రాసేవాణ్ణి కాదేమో, చెప్పిన మాట వినే అలవాటు నాకు చిన్నప్పట్నుంచీ తక్కువ. కానీ ఈమధ్య మా షెడ్డు గోడల మీద "ఇక్కడ అందరూ నేర్చుకుంటారు, అందరూ ఎదుగుతారు" అని రంగుల కాగితాలు అతికిస్తున్నారు. చూడ్డానికి వచ్చినవాళ్లు వాటిని చదివి తలలూపుతున్నారు. ఆ నేర్చుకోవడం ఎవరి పుణ్యమా అని మిగిలిందో చెప్పేవాడు ఒకడుండాలి కదా. ముప్పై ఏళ్లు అక్కడే మోటార్లు చుట్టినవాణ్ణి, ఆ కథలో నా పరువు పోయిన చోట్లతో సహా నేనే చెప్తాను.

మాది మోటార్ల రివైండింగ్ షాపు. నీళ్ల పంపులవి, పిండిమరలవి, ఫ్యాన్లవి, కాలిపోయిన మోటార్లన్నీ మా దగ్గరికొస్తాయి. మాడిన తీగంతా పీకేసి, లోపలి స్లాట్లు, అంటే తీగ కూర్చునే గాడులు, శుభ్రం చేసి, ఒక్కో స్లాట్‌లో కాగితం పరిచి, కొత్త రాగి తీగ చుట్టలు కూర్చి, వార్నిష్ పోసి ఆరబెట్టి పంపుతాం. చెప్పడానికి ఇంతే, చేతికి రావడానికి రెండేళ్లు. రేకుల కప్పు, పొడుగాటి షెడ్డు, కిటికీల వైపు వరసగా ఆరు బెంచీలు, ఆరుగురు మనుషులు. నడిమధ్య ఒక పాత ఇనుప బల్ల. దాని మీద ఎవరూ పని చేయరు.

ఆ బల్ల సంగతి చెప్పాలి. షెడ్డు పెట్టిన యజమానిని మేమంతా పెద్దాయన అనేవాళ్లం. ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. మేం చుట్టిన మోటారు మళ్లీ కాలి తిరిగొస్తే దాన్ని ఆ బల్ల మీద పెట్టాలి. శనివారం ఆఖరి గంట మెయిన్ స్విచ్ ఆపేస్తాం. ఆ మోటారు చుట్టినవాడే లేచి, అందరి ముందూ దాన్ని విప్పి, కాలిన చుట్టను కోసి, ఎక్కడ తప్పు జరిగిందో తన నోటితో తనే చెప్పాలి. తిట్లు లేవు, జీతంలో కోత లేదు. కాకపోతే ఆ తప్పు చేసినవాడే తర్వాతి వారమంతా ఇంకొకరికి ఆ పని సరిగ్గా ఎలా చేయాలో నేర్పాలి. దెబ్బ తిన్నవాడే బాగా నేర్పుతాడని పెద్దాయన నమ్మకం. గదిలో ఉన్న ప్రతి మనిషినీ "నువ్వేం చూశావు?" అని అడిగేవాడు. టీ ఇవ్వడానికొచ్చినవాడు ఆ గంటలో దొరికిపోతే వాణ్ణీ వదిలేవాడు కాదు.

నాకు ఆ బల్లంటే పరమ అసహ్యం. అందరికంటే సీనియర్ని, ముక్కు మీద కోపం ఉన్నవాణ్ణి, నన్ను తీసుకెళ్లి కుర్రాళ్ల ముందు నిలబెడితే ఒళ్లు మండదా మరి.

పిన్ని మా షెడ్డుకి ఊడవడానికి వచ్చింది. నలభై దాటిన మనిషి. భర్త వ్యాన్ డ్రైవరు, కూతురు కాలేజీలో చదువుతోంది. వచ్చిన మొదటిరోజే మూడో బెంచీ అతను "ఏమ్మా, ఇటు కూడా ఊడ్చు" అన్నాడు. "అమ్మ మీ ఇంట్లో ఉంటుంది, నన్ను పిన్నీ అను" అంది. అంతే, ఆ రోజు నుంచి ఆవిడ అందరికీ పిన్నే, ఆవిడకంటే పెద్దవాణ్ణయిన నాకు కూడా. నన్ను మాత్రం మేస్త్రీ అనేది. ఆ పిలుపులో మర్యాద ఎంతో, వెటకారం ఎంతో ఇప్పటికీ నాకు తేలలేదు.

ఒక శనివారం నా మోటారు బల్లెక్కింది. ఆ నెలలో అది మూడోది. మూడూ స్లాట్ అంచు దగ్గరే కాలాయి. నేను లేచి "కరెంటు హెచ్చుతగ్గులు" అన్నాను. తప్పు తెలియనప్పుడు మేమంతా కరెంటు నెత్తిన రుద్దేవాళ్లం. పెద్దాయన ఊఁ కొట్టి, ఒక్కొక్కర్నీ అడుగుతూ వచ్చాడు. ఎవరికీ ఏమీ తట్టలేదు. ఆఖరికి గోడ పక్కన నించున్న పిన్ని దగ్గర ఆగాడు.

"నువ్వేం చూశావమ్మా?"

"నన్నడుగుతారేంటండీ? నాకు మోటారు సంగతులేం తెలుసు?"

"గదిలో ఉన్నావు కదా. కళ్లు మూసుకుని ఉండవుగా."

పిన్ని చీపురు గోడకి ఆనించింది. "నాకు మోటారు తెలీదండీ, చెత్త తెలుసు. అందరి బెంచీల కిందా కాగితం కత్తిరింపులు గోరంత ఉంటాయి. మేస్త్రీ బెంచీ కింద మాత్రం రెండు వేళ్ల వెడల్పు ఉంటాయి. బయట అంత పడేస్తున్నారంటే లోపల పెట్టేది పొట్టిగా పెడుతున్నట్టేగా?"

పెద్దాయన స్కేలు తెప్పించి కొలిచాడు. నేను పెట్టే కాగితం అర అంగుళం తక్కువ. అంచు దగ్గర తీగ ఇనుముకు తగిలి కాలుతోంది. ఇరవై ఏళ్ల పనితనం, ఎప్పుడు చేయి జారిందో నాకే తెలీదు. అప్పుడు నవ్వారు చూడండి, రేకులు ఎగిరిపోతాయేమో అన్నంత. నా మొహం కందగడ్డలా అయిపోయింది.

పెద్దాయన నవ్వలేదు. "వచ్చే వారం ఈవిడకి నేర్పు" అన్నాడు నాతో.

"ఊడ్చే మనిషికా?" అన్నాను. అన్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను, అప్పుడు పడలేదు.

"ఊడ్చే మనిషేగా మీ తప్పు పట్టింది," అంది పిన్ని.

వారం అనుకున్నది రెండేళ్లయింది. ఏదో మొక్కుబడిగా నేర్పి వదిలించుకుందామనుకున్నాను, ఆవిడ దగ్గర నా పప్పులుడకలేదు. "ఎందుకు?" అని అడగకుండా ఒక్క పనీ చేసేది కాదు. చుట్టకి ఎనభై నాలుగు చుట్లు అంటే ఎనభై మూడైతే ఏమవుతుంది, ఎనభై అయిదైతే ఏమవుతుంది అని ప్రాణం తీసేది. నాకూ తెలియక, ఇంటికెళ్లి పాత పుస్తకాలు దుమ్ము దులిపి చదువుకుని మర్నాడు చెప్పేవాణ్ణి, అదేదో పుట్టుకతో వచ్చినట్టు. చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఆవిణ్ణి ఎవరు పలకరించినా పలికేది కాదు. పెద్దాయన వచ్చి ఎదురుగా నించున్నా వేలు పైకెత్తి ఆపేది, లెక్క పూర్తయ్యాకే "చెప్పండి" అనేది. ఇంట్లో భర్త పిలిచినా "యాభై ఏడు, యాభై ఎనిమిది" అని బదులిస్తోందని కూతురు వచ్చి మాతో చెప్పి నవ్వింది. ఆ పిల్లే మోటారు మీద వివరాలుండే ప్లేటు చదవడం తల్లికి నేర్పింది. "ఈ వయసులో నేర్చుకుని ఎవర్ని ఉద్ధరిస్తావే" అన్న భర్త, ఏడాది తిరిగేసరికి వ్యాన్ ఎక్కిన ప్రతివాడికీ "మా ఆవిడ మోటార్లు చుడుతుంది" అని చెప్పుకుంటున్నాడు.

ఆరో బెంచీ అతను వేరే పనికి వెళ్లిపోయాక పెద్దాయన ఆ బెంచీ పిన్నికిచ్చాడు. ఆ రోజు ఆవిడ బెంచీని తడిగుడ్డతో రెండుసార్లు తుడిచి కూర్చుంది. కళ్లల్లో నీళ్లున్నాయి. నేను చూడనట్టు ఊరుకున్నాను, నావీ ఆవిడ చూడకూడదని.

తర్వాత పెద్దాయన మంచాన పడ్డాడు. షెడ్డు ఆయన అల్లుడి చేతికొచ్చింది. అల్లుడుగారు పెద్ద కంపెనీలో చేసి వచ్చినవారు, బాగా చదువుకున్నవారు, ఎవర్నీ గొంతు పెంచి ఒక్క మాట అనరు. అరిచేవాళ్లతో మనమూ అరవొచ్చు. మెత్తగా మాట్లాడేవాళ్లతోనే చిక్కు.

"శనివారం గంట అంటే ఆరుగురికీ కలిపి ఆరు గంటల పని పోతోందండీ. పైగా కాలిన మోటార్లు నడిమధ్య ప్రదర్శనకు పెడితే వచ్చినవాళ్లు ఏమనుకుంటారు?" అన్నారు. ఆ గంట ఆగిపోయింది. ఇనుప బల్ల మీద ఒక ప్లాస్టిక్ పూలకుండీ వెలిసింది. గోడకి తెల్ల బోర్డు వచ్చింది, దాని మీద మా ఆరుగురి పేర్లు. మోటారు తిరిగొస్తే పేరు పక్కన ఒక ఎర్ర చుక్క. మూడు చుక్కలు పడితే బెంచీ పోతుంది, వెనక షెడ్డులో కాలిన తీగ పీకే పనికి వెళ్లాలి. తీగ పీకడంలో నేర్చుకునేది ఏముంటుంది, సుత్తీ ఉలీ పట్టుకుని పొద్దస్తమానం కొట్టడమే. ఒకసారి అక్కడికి వెళ్లినవాడు మళ్లీ బెంచీ మొహం చూస్తాడన్న ఆశ లేదు.

మొదటి చుక్క పిన్నికే పడింది. ఒక క్యాంటీన్ వంటగదిలో పొగ బయటికి లాగే ఫ్యాను ఆవిడ చుట్టింది. రెండు తీగలు అటువి ఇటు కలిపింది. ఫ్యాను తిరగేసి తిరిగి, పొగంతా లోపలికే కొట్టింది. క్యాంటీన్ వంటాయన ఎర్రటి కళ్లతో ముక్కు తుడుచుకుంటూ వచ్చి "ఇది ఎవరి ఘనకార్యం?" అనడిగాడు. పిన్ని చేయెత్తి "నాదే, తిరగేసి కలిపేశాను, అరగంటలో సరిచేసిస్తాను" అంది. అల్లుడుగారు క్యాబిన్ లోంచి వచ్చి, ఎర్ర పెన్ను మూత తీసి, చుక్క పెట్టి, మూత పెట్టి వెళ్లిపోయారు.

అది చూశాక మేమంతా తెలివిమీరిపోయాం. మోటార్లు తెచ్చే వ్యాన్ డ్రైవరు, అంటే పిన్ని మొగుడు కాదు, మా షెడ్డు డ్రైవరు, మంచివాడు. తిరిగొచ్చిన మోటారు ముందు గుమ్మంలో దించితే బోర్డెక్కుతుందని వెనక గుమ్మం దగ్గర దించేవాడు. ఎవడిది వాడు గుట్టుచప్పుడు కాకుండా భోజనాల వేళ చుట్టేసి పంపేసేవాడు. కాలిన చుట్టలు లాకర్లలో, పాత గోనెసంచుల కింద. నా లాకర్లో రెండున్నాయి. అంతకంటే పాడుపని ఇంకోటి చేశాం. పక్కవాడు తప్పు కలుపుతున్నా చూడనట్టు ఊరుకోవడం మొదలుపెట్టాం. వాడి చుక్క వాడిది. "ఇది ఎలాగండీ?" అని ఎవరైనా అడిగితే, ఎక్కడ నా పేరు ఇరుక్కుంటుందోనని "ఏమో, చూసుకో" అనేవాణ్ణి. నేర్పడం మానేసినవాడికి తన పని కూడా రుచించదు. నాకు రుచించలేదు.

మూడు నెలలకి పిన్ని చుట్టిన పిండిమర మోటారు తొమ్మిది రోజులకే కాలి వచ్చింది. ముందు గుమ్మంలోంచే వచ్చింది. రెండో చుక్క. ఎందుకు కాలిందో ఆవిడకి అంతు చిక్కలేదు. బెంచీ బెంచీకీ వెళ్లి అడిగింది, మేం కిమ్మనలేదు.

రెండు వారాలకి, శనివారం పొద్దున్నే, డ్రైవరు వెనక గుమ్మం దగ్గర ఆవిణ్ణి పిలిచాడు. నేను అక్కడే చేతులు కడుక్కుంటున్నాను.

"పిన్నీ, ఇది నీదే. పదకొండు రోజులకే పోయింది. ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నంలోపు చుట్టేసెయ్, సాయంత్రం పట్టుకుపోతా."

పిన్ని వంగి చూసింది. "మిగతావాళ్లవి కూడా ఇలాగే తెస్తున్నావా?"

"నన్నడక్కు పిన్నీ."

ఆవిడ నా వైపు తిరిగింది. "మేస్త్రీ, మీవెన్ని?"

"ఏవి?"

"కాలినవి."

"ఒక్కటీ లేదు," అన్నాను. ముప్పై ఏళ్ల సర్వీసులో ఎన్నో చిన్నాపెద్దా అబద్ధాలాడాను, ఒక్కటి కూడా ఇంత సిగ్గు తెప్పించలేదు. ఆవిడ నన్ను కాసేపు చూసి "సరే" అంది. తిట్టినా బాగుండేది.

ఆవిడ మోటారుని వెనక గుమ్మంలోంచి కాక, చుట్టూ తిప్పి ముందు గుమ్మం వైపు దొర్లించుకుపోతోంది. వెంటపడ్డాను.

"నీకేమైనా పిచ్చా? దీన్ని బయటపెడితే బెంచీ పోతుంది. మళ్లీ దక్కదు."

"పోతే పోనీండి. ఎందుకు కాలిందో తెలియకుండా ఇంకో మోటారు చుట్టమంటారా?"

"బెంచీ ఉంటేగా నేర్చుకునేది!"

"భయపడుతూ కూర్చుంటే ఆ బెంచీ మీద నేర్చుకునేదేంటి మేస్త్రీ? చేతులు తిరుగుతాయి, అంతే. దానికి నేనెందుకు? ఆ బెంచీకి నన్నెవరూ కట్టేయలేదు, రెండేళ్లు మీ చేత తిట్లు తిని ఎక్కాను. దిగాల్సొస్తే దిగుతాను. దాక్కుని మాత్రం కూర్చోను."

మోటారుని ముందు గుమ్మంలోంచే తెచ్చి తన బెంచీ పక్కన పెట్టుకుంది, అల్లుడుగారు అప్పటికింకా రాలేదు. ఆవిడకి భయం లేదని అనను. సాయంత్రం దాకా ఆవిడ చేతులు చూశాను, లెక్క రెండుసార్లు తప్పి మళ్లీ మొదట్నుంచి చుట్టింది. ఆవిడ లెక్క తప్పడం నేను అంతకుముందు చూడలేదు.

ఆఖరి గంటకి పిన్ని లేచింది. నేరుగా వెళ్లి మెయిన్ స్విచ్ దించేసింది. మెషిన్లన్నీ మూలుగుతూ ఆగిపోయాయి. పూలకుండీ ఎత్తి నేల మీద పెట్టింది. మోటారు ఒక్కతే ఎత్తబోతే మూడో బెంచీ అతను, ఎప్పుడో ఏమ్మా అన్న మనిషి, వచ్చి ఒక చెయ్యి వేశాడు. ఇనుము ఇనుము మీద ధడేలుమంది. అల్లుడుగారు అద్దాల క్యాబిన్ లోంచి వచ్చారు.

"పిన్నిగారూ, ఏమిటిది?"

"శనివారమండీ."

"ఆ పద్ధతి మనం ఆపేశాం."

"మీరు ఆపారు. నేను ఆపలేదు."

"ఇది మీ మూడో మోటారనుకుంటా." ఆయన చేయి జేబులో పెన్ను మీదకి వెళ్లింది.

"మూడోదేనండీ. చుక్క పెట్టుకోండి. నాకు తెలియాల్సింది చుక్క కాదు, ఎందుకు కాలిందన్నది. మీ బోర్డు చూస్తే అది తెలుస్తుందా? తెలిస్తే వంద పెట్టండి, నేనే పెన్ను పట్టుకొచ్చిస్తా."

ఆయన జవాబు చెప్పేలోపే ఆవిడ చుట్ట కోసేసింది. విడదీసి ఒక్కొక్కటీ ఎత్తి చూపించింది. "కాగితం సరిగ్గా ఉంది. మేస్త్రీ లాగా పొట్టిగా పెట్టలేదు. అతుకులు సరిగ్గా ఉన్నాయి. చుట్లు లెక్కపెట్టుకోండి, ఒక్కటి తేడా వస్తే బెంచీ ఇప్పుడే వదిలేస్తా. కాలింది ఇక్కడ, చుట్ట నట్టనడుమ, తీగకి తీగ తగిలి. పోయినసారి కూడా ఇక్కడే. నా తప్పేంటో నాకు తెలీడం లేదు. ఎవరిదైనా ఇలా నడుమ కాలిందా?"

ఆవిడ వరసగా మిగతా నలుగురి మొహాలూ చూసింది, నాది చూడలేదు. పొద్దున అడిగేసింది కదా, నేను జవాబు చెప్పేశాను కదా. ఆవిడ నా మాట నమ్మినట్టు నటించి నన్ను వదిలేస్తోందని అర్థమయ్యేసరికి నాకు ఒళ్లంతా మంట పుట్టింది. మంట ఆవిడ మీద కాదు.

లాకర్ తెరిచాను. రెండు చుట్టలు తెచ్చి బల్ల మీద పడేశాను. "నావి రెండు. పొద్దున అబద్ధం చెప్పాను."

నాలుగో బెంచీ అతను గోనెసంచి ఎత్తాడు. ఒకటి. మూడో బెంచీవి మూడు. రెండో బెంచీ కుర్రాడు ఏడుపు మొహంతో ఒకటి తెచ్చాడు. అయిదో బెంచీ అతను మాత్రం తన దగ్గర ఏమీ లేవన్నాడు, నిజంగానే లేవేమో నాకు తెలీదు. పిన్నివి రెండూ కలిపి తొమ్మిది. వరసగా పేర్చాం. తొమ్మిదీ నట్టనడుమ కాలాయి, ఒక్కచోటే, అచ్చు గుద్దినట్టు. నెలల తరబడి ఎవడికి వాడు తన చేతకానితనమనుకుని లాకర్లో దాచుకున్నది, పక్కపక్కన పెడితే నిమిషంలో తేలిపోయింది. అయిదుగురం ఒకే తప్పు చేయం కదా.

"తీగ," అన్నాను.

పిన్ని కొత్త తీగ రీలు లోంచి జానెడు కోసి, ఒక మేకుకి బిగించి చుట్టింది. గోటితో గీరితే చాలు, తీగ మీది పూత పొట్టు పొట్టుగా రాలిపోయింది. పూత పోతే తీగకి తీగ తగలక ఏం చేస్తుంది? పాత రోజుల్లో ప్రతి రీలూ ఇలా చుట్టి చూశాకే వాడేవాళ్లం. నాలుగు నెలల కింద అల్లుడుగారు తీగ కొనే కంపెనీ మార్చారు. సర్టిఫికెట్ ఉన్న తీగని మేకులకి చుట్టుకుంటూ కూర్చోవద్దని కూడా చెప్పారు.

అల్లుడుగారు ఆ పొట్టుని వేలితో తాకి చూశారు. తర్వాత గుడ్డ తీసుకుని బోర్డు దగ్గరికి నడిచారు. "సరే. మీ మూడు చుక్కలూ తీసేస్తున్నాను. మిగతాది ఆఫీసులో మాట్లాడుకుందాం. అందరూ ఇక వెళ్లండి."

"ఇంకా మూడోది పెట్టనే లేదు కదండీ. ఉన్న రెండిట్లో పిండిమరది తీయండి," అంది పిన్ని. "ఫ్యాను నాదే, అది నేను తప్పు కలిపాను. దాన్ని ఉంచండి. మిగతాది ఆఫీసులో కాదు, ఇక్కడ మాట్లాడండి."

"ఏం మాట్లాడాలి?"

"చుట్టినవాళ్లం మేం అందరి ముందూ నించుని చెప్పుకున్నాం. తీగ కొన్నవాళ్లకి ఆ పద్ధతి ఉండదా?"

ఆయన గొంతు అప్పుడు కూడా పెంచలేదు. "నేను ఒక్క మాటంటే సోమవారం నుంచి మీరు రానక్కర్లేదు. అది తెలుసా మీకు?"

"తెలుసండీ. అనండి. అన్నాక ఇది కూడా చెప్పండి. అప్పటిదాకా నేను ఇక్కడే ఉంటాను."

చేతులు కట్టుకుని బల్ల పక్కన నించుంది. గంట అయిపోయింది. వెళ్లమన్నా మేం ఎవరం చెప్పుల జోలికి పోలేదు. అయిదో బెంచీ అతను కూడా పోలేదు. నేను జరిగి పిన్ని పక్కన నించున్నాను. ఆవిణ్ణి తీసేస్తే నన్నూ తీసేయాల్సిందేనని నోటితో అనలేదు, కానీ ఆయన నా మొహంలో చదువుకున్నారు.

అల్లుడుగారు గుడ్డ బోర్డు మీదే వదిలేసి వచ్చారు. ఇనుప బల్లకి అవతలి వైపు నిలబడ్డారు. తల వంచుకుని, ఆ తొమ్మిది చుట్టల్నీ చూస్తూ, "తీగ మార్చింది నేను. చుట్టి చూడొద్దన్నదీ నేనే," అన్నారు.

"గట్టిగా చెప్పండి. వెనకవాళ్లకి వినపడలేదు," అంది పిన్ని.

ఆయన తలెత్తి మా అందరి వైపూ చూశారు. ఈసారి గట్టిగానే చెప్పారు.